రాయలవారి కుళ్ళాయి, నాటకాల కిరీటం

కొన్నేళ్ళ కిందట ఒక కళాశాలలో విచిత్ర వేషధారణ పోటీ చూశాను. శ్రీకృష్ణదేవరాయల వేషంలో ఇద్దరు విద్యార్థులు వచ్చారు. మొదటివాడు అద్దెకు తెచ్చిన మఖమలు కోటు, తగరపు కిరీటం, భుజకీర్తులు ధరించి రాగానే చప్పట్లు మోగాయి. రెండోవాడు తెల్లని పొడుగు అంగీ తొడిగి, తలపై మూరెడు కుళ్ళాయి పెట్టి, వట్టి కాళ్ళతో వచ్చాడు. న్యాయనిర్ణేతల్లో ఒకరు "ఇది తురకల టోపీ కదా, రాయలకెందుకు?" అన్నారు. బహుమతి కిరీటానికే దక్కింది. నిజానికి చదువుకుని వచ్చినవాడు రెండోవాడే.

జపానులో పుట్టిన కాస్‌ప్లే అనే పేరు ఇప్పుడు మన విద్యార్థుల్లోనూ వాడుకలోకి వచ్చింది. సినిమా పాత్రలతోబాటు చారిత్రక పురుషులనూ, నాటక పాత్రలనూ వారు ఎన్నుకుంటున్నారు. నాటకంలోని రాయలు వేరు, శాసనాల కాలం నాటి రాయలు వేరు. ఏ రాయలను తాము వేస్తున్నదీ తెలిసి వెయ్యడం మంచిది.

ముందు నాటకం సంగతి. మన యక్షగానాల్లో, వీధినాటకాల్లో తేలిక కర్రతో చేసి రంగుకాగితం అంటించిన కిరీటాలు, భుజకీర్తులు ఉండేవి. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం వారు ఆంధ్రదేశంలో ప్రదర్శనలిచ్చారు. ఆ సమాజం వెంట, ఆ తరువాత పార్సీ కంపెనీల వెంట తెరలు, మఖమలు దుస్తులు, చమ్కీ పని మన రంగస్థలానికి వచ్చాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో నాటకం మొదలుపెట్టిన కుటుంబాలు కూడా మరాఠీ మూలం గలవే. కాబట్టి మనం అచ్చతెలుగు వేషమనుకునే రాజు దుస్తుల్లో మహారాష్ట్రం, బొంబాయి కలిసి ఉన్నాయి. దీనికి నొచ్చుకోవలసిన పనిలేదు. గ్యాసులైట్ల వెలుగులో చివరి వరుస ప్రేక్షకుడికి కూడా రాజు రాజుగా కనబడాలి. తెల్లని పలుచని నూలుబట్ట ఆ వెలుతురులో తేలిపోతుంది, మఖమలు మీద చమ్కీ మెరుస్తుంది. పైగా పద్యనాటకం సంగీతనాటకం కూడా. హార్మోనియం శ్రుతిలో రాగం సాగదీసి పద్యం పాడవలసిన నటుడికి గొంతు బిగించే దుస్తులు పనికిరావు. అద్దె దుస్తులు వదులుగా ఉంటాయని నవ్వుతాం గాని, ఆ వదులు నటుడి ఊపిరికోసం కూడా అని గుర్తించాలి.

ఈ చరిత్రలో బళ్ళారికి ప్రత్యేక స్థానం ఉంది. ఆంధ్రనాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు, చారిత్రక నాటకాలకు పేరుపొందిన కోలాచలం శ్రీనివాసరావు ఇద్దరూ అక్కడివారే. శ్రీనివాసరావు గారి 'రామరాజు చరిత్ర'లో పఠాన్ రుస్తుం పాత్ర బళ్ళారి రాఘవకు అపారమైన కీర్తి తెచ్చింది. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది గాని, అక్కడి తెలుగువారు రాఘవను మరచిపోలేదు. ఆయన పేరిట కళామందిరం ఉంది. ఆ ఊరికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో హంపి ఉంది. విజయనగర పతనం ఇతివృత్తంగా వచ్చే నాటకాల్లో ఇరుపక్షాలూ చూడగానే వేరుగా తెలియాలి. ఒక పక్షానికి కిరీటం, మరో పక్షానికి టోపీ పెడితే ప్రేక్షకుడికి ఏ సందేహమూ ఉండదు. రంగస్థలానికి ఆ తేడా కావాలి. హంపి శిల్పాల్లో మాత్రం ఆ తేడా అంత తేలికగా దొరకదు.

తిరుమలలో కృష్ణదేవరాయలు తన ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలిచిన లోహవిగ్రహాలు అందరూ చూసినవే. రాయల తలపై ఉన్నది కిరీటం కాదు, పొడవాటి కుళ్ళాయి. 1520 ప్రాంతంలో రాయలను స్వయంగా చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, బంగారు గులాబీలు కుట్టిన తెల్లని దుస్తులు, మెడలో వజ్రాల హారం, తలపై జరీ టోపీ ఉన్నాయని, రాజు వట్టి కాళ్ళతో ఉన్నాడని రాశాడు. లేపాక్షి వీరభద్రాలయం కుడ్యచిత్రాల్లో కూడా పొడుగు తెల్లంగీలు, ఎత్తయిన కుళ్ళాయిలు కనబడతాయి.

ఆ అంగీని కబాయి అనేవారు. అరబ్బీ 'ఖబా' నుంచి కబాయి, పారసీ 'కులాహ్' నుంచి కుళ్ళాయి వచ్చాయి. ఫిలిప్ వాగనర్ 1996లో ప్రచురించిన వ్యాసంలో ఈ దుస్తులను విజయనగర రాజుల 'హిందూరాయ సురత్రాణ' అనే బిరుదుతో కలిపి పరిశీలించాడు. సురత్రాణ అంటే సుల్తాన్ మాటకు సంస్కృత రూపమే. ఆనాటి పెద్ద రాజ్యాల కొలువుల్లో సాధారణమైన దుస్తుల్నే విజయనగర ప్రభువులు సభలో ధరించారు. తమ మతం వదులుకుని కాదు, తామూ ఆ రాజుల సరసన కూర్చోదగినవారమని చూపడానికి. కన్నడ రాజు కొలువుకు వెళ్ళి కుళ్ళాయి, కూర్పాసం తొడగవలసి వచ్చిందని శ్రీనాథుడు విసుక్కున్న చాటువు ప్రసిద్ధం. పద్యం ఆయనదైనా కాకపోయినా, ఆ దుస్తులు తెలుగువారికి కొత్తగా తోచిన కాలం ఒకటి ఉండేదని దానివల్ల తెలుస్తున్నది.

తిరుమల విగ్రహంలో మరొక సూక్ష్మం ఉంది. అక్కడ రాయలు కుళ్ళాయి పెట్టుకున్నారు గాని కబాయి తొడగలేదు. పై ఒంటిమీద నగలు తప్ప ఆచ్ఛాదన లేదు, కింద ధోవతి. దేవుని ఎదుట ఒక వేషం, సభలో మరొకటి. కనుక వేషం కట్టేవారు ముందు తేల్చుకోవలసింది రాయలు ఏ సందర్భంలో ఉన్నారన్నది. భువనవిజయం సన్నివేశమైతే కబాయి ఉండాలి. వేంకటేశ్వరుని సేవ అయితే కబాయి తీసెయ్యాలి.

కుట్టడం కష్టమేమీ కాదు. కుళ్ళాయికి లోపల బక్రం వేసి, పైన జరీగుడ్డ కప్పి దర్జీచేత కుట్టించవచ్చు. మూరెడు ఎత్తుంటుంది గనుక తలచుట్టూ లోపట్టీ బిగువుగా ఉండాలి, లేకపోతే వంగి నమస్కరించగానే జారిపోతుంది. కబాయికి పలుచని తెల్ల మల్లుగుడ్డ సరిపోతుంది, చేతులు మణికట్టు దాకా రావాలి. పద్యం కూడా పాడదలచినవారు రొమ్ము దగ్గర రెండంగుళాలు వదులు పెట్టించుకోవాలి. నాటకంవారి ఆ లెక్క ఇక్కడా చెల్లుతుంది.

నాటకపు రాయలనే వెయ్యదలచినవారు నిరభ్యంతరంగా మఖమలు, కిరీటం ధరించవచ్చు. నూరేళ్ళు దాటిన ఆ వేషానికీ చరిత్ర ఉంది. అయితే ప్రకటన చీటీలో 'పద్యనాటకంలో కృష్ణదేవరాయలు' అని రాయించండి. కుళ్ళాయి పెట్టుకునేవారు తిరుమల విగ్రహం ఫోటో ఒకటి జేబులో ఉంచుకోండి. న్యాయనిర్ణేతలు అడిగితే చూపవచ్చు.