మేలుకుంటే చిక్కుతామా, లావెక్కుతామా?

ఊబకాయం తగ్గాలనుకునేవాడికి చరకుడు చెప్పిన ఉపాయాల్లో రాత్రి జాగరణ ఒకటి. వ్యాయామం, ఆలోచనల సరసనే దాన్నీ చేర్చాడు. ఇవాళ నంద్యాలలో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా మాట తిరగబడుతుంది: నిద్ర చాలకపోతే ఒళ్ళొస్తుందంటారు. ఇద్దరిలో ఒకరిది తప్పని తేల్చేయడం తేలికే. నడిచిన కథంతా చూస్తే మాత్రం ఇద్దరూ ఒకే మెలకువ గురించి మాట్లాడటం లేదనిపిస్తుంది.

చరక సంహిత సూత్రస్థానంలో 21వ అధ్యాయం మితిమీరిన లావు, మితిమీరిన బక్కతనాలతో మొదలై నిద్ర దగ్గరికి చేరుతుంది. ఒళ్ళు రావడమైనా పోవడమైనా తిండితో పాటు నిద్ర చేతిలోనూ ఉందనేది అక్కడి లెక్క. పగటి నిద్ర కఫాన్ని పెంచుతుంది, రాత్రి మెలకువ ఒంటిని ఎండగడుతుంది. వేసవికి మాత్రం మినహాయింపు ఇచ్చాడు. ఆ రోజుల్లో రాత్రులు పొట్టివి, ఒంట్లో సారం ఇంకిపోతుంది కనుక పగలు పడుకోవచ్చు. మే నెలలో మిద్దె రాత్రంతా సెగలు కక్కే మన సీమకోసమే రాసినట్టుంటుంది ఈ మాట. కూర్చుని తీసే కునుకుతో ఏ దోషమూ లేదనీ అన్నాడు. నందికొట్కూరు బస్సులో తల వాల్చేవాళ్ళకు అదో ఊరట. తర్వాతి కాలపు వాగ్భటుడు అష్టాంగ హృదయంలో ఇంకాస్త వివరంలోకి దిగాడు. అలవాటు లేని జాగరణ చేసినవాడు, మేలుకున్నదాంట్లో సగం సేపు మర్నాడు పొద్దున పడుకోవాలి, అదీ ఏమీ తినకుండా. ఈ చివరి షరతుతో ముందు ముందు పని పడుతుంది.

జూపాడు బంగ్లా చుట్టుపక్కల జాగరణ అంటే శివరాత్రి ఒక్కటే కాదు. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వకం మొదలుపెట్టిన కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద నీళ్ళ వంతు అర్ధరాత్రి వస్తే, అర్ధరాత్రే పార భుజాన వేసుకుని కదలాలి. బోరు మోటార్లు వచ్చాక కరెంటు వేళలు తోడయ్యాయి. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చింది గానీ, విడతలుగా వచ్చే ఆ కరెంటు రాత్రిళ్ళూ వచ్చేది. మోటారుకు ఆటో స్టార్టర్ బిగించి ఇంట్లో పడుకున్నా మడవ మార్చడానికి మనిషి లేవక తప్పదు. టార్చిలైటు వెలుగులో ఒక మడి నిండిందో లేదో చూడాలి, దాని మడవ బురదతో పూడ్చి పక్కదాన్ని తెరవాలి, తెల్లారేదాకా అదే పని. చరకుడి మనసులో ఉన్న జాగరణ ఇలాంటిదే అయ్యుంటుందని నా అనుమానం. ఆ చేలో బజ్జీల బండి ఉండదు.

నిద్రను ప్రయోగశాలలో కొలిచే పని షికాగో విశ్వవిద్యాలయంలో 1920లలో నథానియల్ క్లైట్‌మన్ చేతిలో ఊపందుకుంది. 1938లో ఆయన ఒక శిష్యుడితో కలిసి కెంటకీలోని మామత్ గుహలో 32 రోజులుండి, రోజును 28 గంటలకు సాగదీయడం ఒంటికి సాధ్యమా అని చూశాడు. ఆయన ధ్యాస బరువు మీద లేదు. 1980లలో అదే విశ్వవిద్యాలయంలో అలన్ రెక్ట్‌షాఫెన్ ఎలుకలకు నిద్ర పూర్తిగా లేకుండా చేస్తే, అవి మామూలు కంటే ఎక్కువ తిని కూడా చిక్కిపోయాయి, చివరికి చచ్చిపోయాయి. అంతవరకూ చరకుడిదే పైచేయి.

మాట తిరగబడింది ఆ తర్వాతే, అదీ షికాగోలోనే. కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ 1994లో, ఆకలి పుట్టించే గ్రెలిన్ 1999లో బయటపడ్డాయి. 2004లో కరీన్ స్పీగెల్, ఈవ్ వాన్ కాటర్ బృందం 12 మంది కుర్రాళ్ళను రెండేసి రాత్రులు నాలుగు గంటలే పడుకోబెట్టి, పది గంటలు పడుకున్నప్పటితో పోల్చింది. లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది, నాలుక తీపి మీదికీ ఉప్పు చిరుతిళ్ళ మీదికీ పోయింది. నాకు ఇంతకంటే గట్టి దెబ్బగా తోచేది 2010 నాటి ప్రయోగం. తిండి తగ్గించి రెండు వారాలు ఉన్నవాళ్ళు ఎనిమిదిన్నర గంటలు పక్క మీదున్నా, అయిదున్నర గంటలే ఉన్నా దాదాపు మూడు కిలోలే తగ్గారు. కానీ నిద్ర ఉన్నప్పుడు పోయిన కొవ్వు 1.4 కిలోలు, కరువైనప్పుడు 0.6 మాత్రమే. మిగిలిన తరుగు ఒంట్లో కొవ్వు కాని భాగానిది. కాటా ముల్లు చూసి సంబరపడేవాళ్ళకు ఈ తేడా తెలియదు. 2022లో ఎస్రా తసాలి బృందం మనుషుల్ని వాళ్ళ ఇళ్ళలోనే రోజూ గంటకు పైగా ఎక్కువ నిద్రపోనిస్తే, వాళ్ళు తినేది సుమారు 270 కిలోకేలరీలు తగ్గింది. అయితే అది రెండు వారాల లెక్కే. దాన్ని ఏడాదికి హెచ్చవేసి కిలోలు చెప్పడం నాకు నచ్చదు.

లావు కూడా నిద్రను చెడగొడుతుందన్నది పాత సంగతే. సుశ్రుతుడు ఊబకాయుల లక్షణాల్లో అతి నిద్రనూ, ఉన్నట్టుండి ఊపిరి అడ్డుపడటాన్నీ ఒకేచోట చెప్పాడు. ఆ ఊపిరికి దారి తెరిచే సీప్యాప్ యంత్రాన్ని సిడ్నీలో కోలిన్ సల్లివన్ ప్రకటించింది 1981లో.

1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక తెలుగువాళ్ళకు కొత్త జాగరణ వచ్చింది. సీమ పిల్లలు అక్కడికి వెళ్ళి అమెరికా గడియారానికి పనిచేస్తున్నారు. ఈ మెలకువలో పార లేదు, కుర్చీ ఉంది, చేతికందేంత దూరంలో తిండి ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో మూడో వంతుకు పైగా అధిక బరువులో ఉన్నారు. దానికి నిద్రొక్కటే కారణమని ఎవరూ అనరు. కానీ వేళ తప్పిన తిండి, నిద్రల సంగతి 2009లో బోస్టన్‌లో ఫ్రాంక్ షీర్ బృందం తేల్చింది. క్లైట్‌మన్ వాడిన 28 గంటల రోజునే వాడి, పదిమందిని ఒంటి గడియారానికి ఎదురు తిప్పితే లెప్టిన్ 17 శాతం పడిపోయింది, రక్తంలో చక్కెర 6 శాతం పెరిగింది. షిఫ్టు దిగి తెల్లవారుజామున ప్లేటు నిండా పూరీలు తిని పడుకునేవాళ్ళకు వాగ్భటుడి షరతు, అదే పరగడుపున పడుకోమన్నది, ఇప్పటికీ పనికొచ్చేదే.