కన్నెగంటి హనుమంతుగారు: ఒక సంసారి చరిత్రము

పల్నాటి చరిత్రమనఁగనే మనవారికి బ్రహ్మనాయఁడును, నాగమ్మయు, కారెంపూఁడి రణరంగమును జ్ఞప్తికి వచ్చును. అది పండ్రెండవ శతాబ్దమునాఁటి కథ. దానిని పాడుటకు వీరవిద్యావంతులు గలరు. ఆ నేలమీఁదనే 1922వ సంవత్సరమున ప్రాణములు విడిచిన యొక కాపును గూర్చి వ్రాయువారు మాత్రము తక్కువ. ఆయన రాజు కాఁడు, మంత్రి కాఁడు. పొలము దున్నుకొని, పశువులను కాచుకొని, ఇల్లు గడపుకొన్న సంసారి. అట్టివాని చరిత్రమునకు మన సంచికలోఁ జోటుండుట యుచితమని తలఁచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

హనుమంతుగారు 1870లో కోలగట్ల గ్రామమున వెంకటప్పయ్య, అచ్చమ్మ దంపతులకు రెండవ కుమారుఁడుగా జన్మించిరి. ఆ గ్రామము నాఁడు కృష్ణా జిల్లాలోనిది. 1904లో గుంటూరు జిల్లా యేర్పడఁగా దానిలోఁ జేరెను. నేఁడు పల్నాడు జిల్లా దుర్గి మండలమునకుఁ జెందినది. వారి ధర్మపత్ని గంగమ్మగారు.

డెల్టాలోని మన బంధువులకు పుల్లరి యనఁగా నేమో తెలియకపోవచ్చును. పశువులను అడవిలో మేపుకొన్నందులకు సర్కారువారికిఁ జెల్లింపవలసిన పన్నునకు పుల్లరి యని పేరు. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియై దిగువ సీమకు నీరు పాఱఁగా, పల్నాడు మాత్రము వానను నమ్ముకొనియే యుండెను. అచ్చటి సేద్యమంతయు గొఱ్ఱు గుంటకలతోడి మెట్టసేద్యము. జొన్నచొప్ప వామి వేసవి నడుమనే తఱిగిపోవును. ఆ మీఁదట తొలకరి పచ్చిక మొలచువఱకు పశువులకు అడవియే దిక్కు. ఎద్దు నీరసించెనా, తొలిదుక్కి సాగదు. ఆవు ఎండిపోయెనా, బిడ్డల కన్నములోనికి మజ్జిగ లేదు. పేఁడ లేనిచో చేనికి సత్తువ లేదు. తాతముత్తాతలనాఁటినుండి అడుగువారు లేక మేపుకొనుచు వచ్చిన యడవి, 1882 నాఁటి మదరాసు అటవీచట్టము పిదప సర్కారుదైపోయెను. అనుమతి చీటి లేని పశువు చిక్కినచో బందెలదొడ్డికిఁ దోలుదురు. జరిమానా కట్టినఁగాని విడువరు. పట్నములలో కూర్చుండి లెక్క చూచువారికి అది స్వల్పమైన పన్ను. సంసారియింట అది కూటిలోని కోఁత.

1921లో సహాయనిరాకరణోద్యమము దేశమంతట వ్యాపింపఁగా, పల్నాటి రైతులు పుల్లరి చెల్లింపక పశువులను అడవిలోనికిఁ దోలిరి. అధికారులు గ్రామములకు వచ్చినచో నిత్యావసర వస్తువు లిచ్చువారుగాని, చాకలి మంగలి పనులు చేయువారుగాని లేకపోయిరి. అచ్చటి పరిస్థితులను విచారింపఁబోయిన ఉన్నవ లక్ష్మీనారాయణగారిని ఆ యేఁటనే బంధించి చెఱకుఁ బంపిరి. వారు మాలపల్లి నవలను రచించినది ఆ చెఱసాలలోనే. విద్యావంతుల చరిత్రము పుస్తకములలోని కెక్కినది. వారు చెఱలో నుండఁగా ఉద్యమభారమును భుజమున మోసిన పల్లెకాపుల చరిత్రము నోటిమాటగానే మిగిలెను. దుర్గి ప్రాంతమున ఆ భారమును మోసినవారు హనుమంతుగారు.

అప్పటికి వారి వయస్సు ఏఁబది దాఁటినది. ఆ యీడున కాపు కోరునది పంటయు, బిడ్డల పెండ్లిండ్లును, ఊరిలో మర్యాదయును. పుల్లరి చెల్లించి యుద్యమము విడిచినచో దుర్గి ఫిర్కాపై పెత్తన మిత్తుమని అధికారులు ఆశ చూపిరనియు, ఆయన దానిని త్రోసిపుచ్చిరనియు అచ్చటి పెద్దలు చెప్పుదురు. దీనిని నమ్ముటకు మాకుఁ గష్టము లేదు. పక్కయింటి యావు బందెలదొడ్డిలో నుండఁగా తన యావును నిశ్చింతగా మేపుకొనఁగలవాఁడు సంసారి యనిపించుకొనఁడు గదా!

చౌరీచౌరా సంఘటన పిమ్మట 1922 ఫిబ్రవరి 12వ తేదీని బార్డోలిలో కాంగ్రెసు కార్యవర్గము శాసనోల్లంఘనమును నిలిపివేసెను. సరిగాఁ బదిదినములకు, 22వ తేదీని, మించాలపాడునకు పోలీసుబలము వచ్చిపడెను. పశువులను తోలుకొనిపోఁజూడఁగా ఊరివారడ్డగించిరి. తుపాకులు ప్రేలినవి. హనుమంతుగారి శరీరమున ఇరువదియాఱు గుండ్లు నాటినవని పల్నాటివారు చెప్పుకొందురు. దాహమని యడిగినను నీరు పోయుటకు ఎవ్వరినీ దగ్గఱకు రానీయలేదనియు, ఆ రాత్రియే ప్రాణము పోయెననియు వారే కన్నీటితోఁ జెప్పుదురు. పెద్దనాయకులు ఢిల్లీ, బార్డోలీల నడుమ తీర్మానములు సవరించుకొనుచుండఁగా, బందెకుఁ బోనున్న పశువుల యెదుట నిలువఁబడిన వానికి వెనుదిరుగుట కెడ మెక్కడిది? తీర్మానము తప్పని మేమనము. కాని దాని మూల్యమును ఎవరు చెల్లించిరో యిట్టి సంచికలలోనైన వ్రాసి యుంచవలెను.

గంగమ్మగారు భర్త పోయినపిదపఁ దలుపు మూసికొని కూర్చుండలేదు. ఆయన విడిచిన పుల్లరి పోరాటమును ఆమె సాగించిరి. మన సభలలో హనుమంతుగారి పటమునకుఁ బూలమాల వేయుచున్నాము, మంచిదే. ఆమె పేరు తలఁచువా రెందఱు? ఇల్లాలి యొప్పుదల లేనిదే ఏ కాపును ఇంటిగొడ్లను పణముగా నొడ్డి సర్కారు నెదిరింపఁజాలఁడని కాపురము చేసినవారికెల్లఁ దెలియును.

1967లో నాగార్జునసాగరము కుడికాలువకు నీరు విడిచిరి. దాహముతోఁ బోయిన యా కాపు మరణించి అప్పటికి నలువదియైదేండ్లు. హనుమంతుగారి సమాధి కోలగట్లలో నున్నది. దుర్గి దిక్కునకుఁ బోవు మన సోదరులు భార్యాబిడ్డలతోఁ గూడ ఒక్కమా ఱచ్చట నిలిచి రావలెనని కోరుచున్నాము.