సున్న చెప్పే అబద్ధం

అండమాన్‌లో కులం లేదని గొప్పగా చెబుతుంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి షెడ్యూల్డ్ కులాల సంఖ్య సున్న. ఇది రుజువేనా?

కొంత చరిత్ర ఉంది. 1858 నుంచి బ్రిటిష్‌వారు అన్ని కులాల, మతాల ఖైదీలను అక్కడికి పంపారు. వారిలో కులాంతర వివాహాలు జరిగాయి. ఆ సంతతినే ‘లోకల్ బార్న్’ అంటారు. వారిలో కులం పట్టు సడలిన మాట నిజమే.

కానీ తర్వాత వచ్చినవారి సంగతేమిటి? 2011లో దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారే సుమారు 13 శాతం. శ్రీకాకుళం నుంచి కూలికి వెళ్ళిన దళితుడు, చాథం రేవు దాటి బాంబూఫ్లాట్‌లో దిగేలోగా కులాన్ని సముద్రంలో పారేశాడా?

అసలు సంగతి వేరు. రాజ్యాంగం 341వ అధికరణం కింద ఈ కేంద్రపాలిత ప్రాంతానికి ఎస్సీ జాబితాయే ప్రకటించలేదు. జాబితా లేదు గనుక లెక్క లేదు. లెక్క లేదు గనుక కులమే లేదట! సొంత రాష్ట్రపు ఎస్సీ, ఎస్టీ హోదాతో వలస వెళ్ళినచోట రిజర్వేషన్ కోరలేరని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కులం వెంట వస్తుంది, హక్కు రాదు.

2027 జనగణనలో అందరి కులాలూ నమోదు చేస్తామని కేంద్రం 2025లో ప్రకటించింది. కొలవకుండానే లేదనడం నమ్మకం. ముందు కొలవండి, తర్వాత మాట్లాడదాం.