దువ్వెనకు దారం

మా నాయనమ్మ దగ్గర రెండు దువ్వెనలుండేవి. ఒకటి చిక్కు తీసుకునే పెద్ద పళ్ళ దువ్వెన. రెండవది రెండు వైపులా పళ్ళున్న ఈర్పెన. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ వీధరుగు మీద కాళ్ళు చాపుకొని కూర్చునేది. గట్టి నూలుదారం ఒక కొసను కాలి బొటనవేలికి చుట్టి, రెండవ కొసను ఎడమచేత బిగించి పట్టుకొని, కుడిచేత్తో ఈర్పెనను ఆ దారం మీద ఒక్కొక్క పంటిసందు చొప్పున లాగేది. నల్లని మడ్డి దారానికి అంటుకొని వచ్చేది. ఒకనాడు నేను నవ్వి, "దువ్వెనకు కూడా తల దువ్వుతున్నావా నాయనమ్మా?" అన్నాను. ఆవిడ తలెత్తకుండానే, "మన మురికి అది తీసింది కదరా, దాని మురికి ఎవరు తీస్తారు మరి?" అన్నది.

ఎన్నో ఏళ్ళు గడచిన తర్వాత, ఒక సందర్భంలో ఆ మాట నా చెంప మీద కొట్టినట్లు గుర్తుకు వచ్చినది. ఆ సందర్భమేమిటో చివర చెబుతాను. ముందు, ఆ ప్రశ్నకు మానవజాతి ఏయే సమాధానాలు వెదుకుకొన్నదో నాకు తెలిసినంతలో విన్నవించుకుంటాను. రాజుల చరిత్రలు వ్రాసేవారు చాలామంది ఉన్నారు. దువ్వెన చరిత్రకు నాబోటివాడు చాలును.

సంస్కృతంలో దువ్వెనను కంకతమనీ, కంకతిక అనీ, ప్రసాధని అనీ అంటారు. ప్రసాధని అంటే అలంకరించునది. కానీ అథర్వవేదం పదునాలుగవ కాండలోని వివాహసూక్తాలలో దువ్వెన ప్రస్తావన వేరు విధంగా వస్తుంది. అక్కడ అది నూరు పళ్ళది, మనిషి చేతితో చేసినది. వధువు కేశాలలోని మలినాన్ని, శిరస్సు మీది మలినాన్ని అది గీరి తొలగించాలని ప్రార్థన. అలంకారం కంటె ముందు శుభ్రత అన్నమాట! అయితే తల మీది మలినం దువ్వెనలోకి వచ్చిన పిమ్మట అక్కడి నుండి ఎక్కడికి పోవాలో ఆ మంత్రం చెప్పలేదు. మంత్రద్రష్టలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. తరువాతి వేల సంవత్సరాలలో దువ్వెనలు చేసినవారిలో కూడా ఎక్కువమంది ఆ సంగతి ఆలోచించినట్లు కానరాదు.

ఇందులో ఉన్న చిక్కు ఏమిటో కొంచెం వివరంగా చూద్దాము. పెరిగిన పేను పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు. దాని గుడ్డు, అనగా ఈరు, పొడవు సుమారు 0.8 మిల్లీమీటరు, వెడల్పు 0.3 మిల్లీమీటరు. ఈరు వెంట్రుకకు బంకతో అతుక్కొని ఉంటుంది. దానిని ఊడదీయవలెనంటే పళ్ళ మధ్య సందు దానికంటె సన్నగా ఉండి తీరాలి. అంత సన్నని సందులో గోరు దూరదు, గుడ్డ పీలిక దూరదు. కనుక దువ్వెన తన పని ఎంత బాగా చేస్తే దానిని శుభ్రపరచడం అంత కష్టమవుతుంది. మురికి అంతా చేరేది పంటి కొన దగ్గర కాదు, పన్ను వెన్నులో కలిసే మూలలో. నూనె, చుండ్రు, దుమ్ము, చచ్చిన పేలు అక్కడ కలిసి గట్టిపడతాయి. ఆ మూలే ఈ చరిత్రకంతటికీ రణరంగం.

ఇజ్రాయెల్ దేశంలో లాకీష్ అనే పురాతన నగరపు దిబ్బ ఉన్నది. అక్కడి త్రవ్వకాలలో ఏనుగు దంతంతో చేసిన ఒక చిన్న దువ్వెన దొరికినది. పొడవు సుమారు మూడున్నర సెంటీమీటర్లు, వెడల్పు రెండున్నర. ఒక వైపు చిక్కు తీయడానికి ఆరు లావుపాటి పళ్ళు, రెండవ వైపు పేల కోసం పదునాలుగు సన్నని పళ్ళు. దాని మీద సన్నగా గీసిన అక్షరాలున్నవని 2021లో గాని ఎవరూ గమనించలేదు. 2022లో పరిశోధకులు ఆ సంగతిని ప్రకటించారు. అది సుమారు క్రీస్తుపూర్వం 1700 నాటిదని వారి అంచనా. కనానీయుల లిపిలో ఉన్న ఆ పదిహేడు అక్షరాల సారాంశం, ఈ దంతం జుట్టులోని, గడ్డంలోని పేలను నిర్మూలించుగాక అని. ఆ లిపిలో వ్రాసినదిగా మనకు తెలిసిన మొట్టమొదటి సంపూర్ణ వాక్యం ఇదేనట! లిపి పుట్టిన కొత్తలో మనిషి వ్రాసుకున్న వాక్యం రాజప్రశస్తి కాదు, పేల మీద శాపం. అక్షరాలు నేర్పి బ్రతికిన నాకు ఇది చదివినప్పుడు కలిగిన ఆనందం ఇంతింత కాదు.

ఇంకొక విశేషమున్నది. ఆ దువ్వెనను సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించగా, రెండవ పంటి దగ్గర తలపేను పైపెంకు అవశేషం కనబడినది. దాని కొలత అర మిల్లీమీటరుకు కొంచెం పైన. అంటే ఆ దువ్వెన పూర్తిగా శుభ్రపడలేదు! మూడువేల ఏడువందల ఏళ్ళు ఒక పేను ఆ సందులోనే ఉండిపోయినది. యూదియా ఎడారిలో దొరికిన రోమనుల కాలపు కర్ర దువ్వెనలలోనూ పేలు, ఈరులు కనిపించాయి. 1545లో మునిగిపోయి 1982లో పైకి తీయబడిన మేరీ రోజ్ అనే ఆంగ్లేయుల యుద్ధనౌకలో నావికుల కర్ర దువ్వెనలు పదుల కొద్దీ దొరికినవి. అవి కూడా ఎక్కువగా రెండు వైపులా పళ్ళున్నవే. మా నాయనమ్మ ఈర్పెనను వాటి మధ్య పెడితే ఎవరూ పోల్చలేరు. ఇన్ని వేల ఏళ్ళుగా ఆకారం అంతగా మారలేదు.

"కడుక్కోవచ్చు కదా" అని మీకు తోచవచ్చును. పాత దువ్వెనల విషయంలో కడగడమే ప్రమాదం. కర్ర నీటిలో నానితే ఉబ్బుతుంది, ఎండితే పళ్ళు బీటలు వారతాయి. దంతం చీలుతుంది. కొమ్ము దువ్వెన సంగతి మరీ చిత్రం. కొమ్మును వేడిచేసి మెత్తబరచి, చదును చేసి, ఆ పలకలో రంపంతో పళ్ళు కోస్తారు. ఏ వేడి దానికి రూపమిచ్చినదో ఆ వేడే దాని రూపాన్ని చెరుపుతుంది. వేడినీళ్ళలో వేస్తే మళ్ళీ మెత్తబడి వంకరపోతుంది. కొమ్ములోనూ మన వెంట్రుకలోనూ ఉన్నది ఒకే పదార్థం, కెరాటిన్. అందుచేతనే కొమ్ము దువ్వెన తలకు హాయి, కడగడానికి గండం.

కొమ్ము పనికి పేరుపొందిన ఊళ్ళలో పర్లాకిమిడి ఒకటి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా అది మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లాలోనిది. గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయులుగా పనిచేసిన ఊరు. అక్కడి పనివారు పశువుల కొమ్ములతో దువ్వెనలూ బొమ్మలూ చేసేవారు. నునుపుగా, నల్లగా నిగనిగలాడే ఆ దువ్వెనను నూనెగుడ్డతో తుడవాలి గాని నీళ్ళలో పెట్టకూడదు. అందుకే దారం. దారానికి తడి లేదు, వేడి లేదు. గోరు దూరని చోటికి దూరుతుంది. కొందరు ఆడవాళ్ళు ఇంకొక అడుగు ముందుకు వేసి, దువ్వకముందే పళ్ళ మొదళ్ళలో దారాన్ని అటూ ఇటూ అల్లి ఉంచేవారు. మురికి మూలకు చేరకుండా దారానికే పడుతుంది. పని అయ్యాక దారం లాగి పారవేస్తే సరి. దువ్వెన చేసినవాడు ఆలోచించని మూలను, దువ్వెన కడిగే మనిషి దారంతో మూసివేసినది!

పందొమ్మిదవ శతాబ్దపు నడుమ నీటికి చెడని దువ్వెన వచ్చినది. రబ్బరులో గంధకం ఎక్కువగా కలిపి వేడిచేస్తే అది కొమ్ములాగా గట్టిపడుతుంది. అమెరికాలో నెల్సన్ గుడ్‌ఇయర్ 1851లో దీనికి పేటెంటు పొందాడు. 1856 నుండి జర్మనీలోని హాంబర్గులో గట్టిరబ్బరు దువ్వెనల తయారీ సాగినది. మంచి రకం వాటికి పళ్ళను రంపంతో కోసి, ప్రతి సందునూ నునుపు చేసేవారు. నునుపైన సందులో మురికి పట్టు తక్కువ. తరువాత, 1870 ప్రాంతంలో, జాన్ వెస్లీ హయ్యట్ సెల్యులాయిడును వాడుకలోకి తెచ్చాడు. స్వదేశీ ఉద్యమపు రోజులలో మన్మథనాథ ఘోష్ అనే వంగదేశీయుడు జపాను వెళ్ళి ఆ పని నేర్చుకొని వచ్చి జెస్సోరులో దువ్వెనల కర్మాగారం పెట్టాడు. సెల్యులాయిడు చన్నీళ్ళకు చెడదు, కానీ వేడికి మెత్తబడుతుంది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. ఆ తరువాత వచ్చిన చవక ప్లాస్టిక్కు దువ్వెన అచ్చులో పోసినది. అచ్చు రెండు చెక్కలు కలిసిన చోట ప్రతి పంటికీ ఒక సన్నని గీత మిగులుతుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. ఆ గీతకు వెంట్రుక తగులుకుంటుంది, మడ్డి పడుతుంది. చవక ప్లాస్టిక్కు చాలావరకు మరిగే నీటికి తట్టుకోదు.

ఇవన్నీ పదార్థం మార్చిన కథలు. ఆకారాన్నే మార్చిన కథ ఒకటి చెప్పాలి. న్యూయార్కులో లీడా న్యూమన్ అనే నల్లజాతి యువతి ఉండేది. వృత్తి కేశాలంకరణ. 1898 నవంబరు 15న ఆమెకు తలదువ్వే బ్రష్షు మీద పేటెంటు లభించినది. ఆమె కల్పన ఇది: కుచ్చుల వరుసల మధ్య ఖాళీలు ఉంటాయి. మురికి ఆ ఖాళీల గుండా వెనుకనున్న చిన్న గదిలోకి చేరుతుంది. మీట నొక్కితే ఆ భాగం ఊడి వస్తుంది, శుభ్రం చేసుకొని తిరిగి అమర్చుకోవచ్చు. మురికి మూలలో చిక్కుకుపోకుండా దానికొక దారి, ఒక గది, ఒక తలుపు ఏర్పరచినది! మా నాయనమ్మ ప్రశ్నకు పేటెంటు కార్యాలయం దాకా వెళ్ళిన సమాధానాలలో ఇదొకటి. అది రోజంతా ఇతరుల తలలు దువ్వి, ఆ బ్రష్షులను తానే కడుక్కునే మనిషికి తట్టడంలో ఆశ్చర్యం లేదు. ఈమె 1915లో స్త్రీల ఓటుహక్కు ఉద్యమంలోనూ పనిచేసినది.

క్షౌరశాలలది వేరొక మార్గం. 1947లో మారిస్ కింగ్ అనే అమెరికా దేశస్థుడు బార్బిసైడ్ అనే నీలిరంగు క్రిమిసంహారక ద్రవాన్ని తయారుచేశాడు. గాజుకూజాలో ఆ నీలిద్రవం పోసి దువ్వెనలు ముంచి ఉంచడం అక్కడి మంగలి దుకాణాలకు గుర్తుగా మారినది. ఇక పేల కోసం నేడు దొరికే మంచి దువ్వెనలు తుప్పు పట్టని ఉక్కు పళ్ళవి. పేలు పట్టిన దువ్వెనను కనీసం 54 డిగ్రీల సెంటీగ్రేడు వేడి ఉన్న నీటిలో అయిదు నుండి పది నిమిషాలు నానబెట్టమని అమెరికా ఆరోగ్యశాఖవారి సూచన. ఉక్కు పళ్ళు దానికి చెక్కుచెదరవు.

ఇక నా సంగతి. సుమారు ముప్పై ఏళ్ళ క్రిందట నేనొక పల్లెటూరి బడిలో ఆరవ తరగతికి తెలుగు చెప్పేవాడిని. ఒక అమ్మాయి తలలో పేలున్నవని తోటిపిల్లలు గొడవ చేశారు. నేను ఆ పిల్లను లేపి వెనుక మూల బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టాను. పైగా, "ఇంట్లో దువ్వెన కూడా శుభ్రంగా పెట్టుకోలేరా?" అన్నాను. తరగతి అంతా నవ్వినది. ఆ పిల్ల ఏడవలేదు. తల వంచుకొని పుస్తకం తెరచుకున్నది.

మరునాడు వాళ్ళ అమ్మ వచ్చింది. కూలిపనికి పోతూ దారిలో ఆగినట్లున్నది. బొడ్డులో నుంచి ఒక ఎర్రని ప్లాస్టిక్కు ఈర్పెన తీసి నా బల్ల మీద పెట్టింది. అది విల్లులాగా వంగిపోయి ఉన్నది. "పంతులుగారూ, ఇంట్లో ఆరుగురం ఉన్నాం, ఇదొక్కటే దువ్వెన. పేలు చస్తాయని కాగే నీళ్ళలో ఏత్తే ఇట్టా అయిపోయింది. నేను కడగనిదాన్ని కాదండీ" అన్నది. ఆ మాటలో కోపం లేదు. సంజాయిషీ ఉన్నది. తప్పు చేసినవాడిని నేను, సంజాయిషీ చెప్పుకుంటున్నది ఆమె.

నేనా దువ్వెనను చేతిలోకి తీసుకున్నాను. దాని పళ్ళ మొదళ్ళలో మాసిన తెల్లదారం ఒకటి అటూ ఇటూ అల్లి ఉన్నది.

అప్పుడు గుర్తుకు వచ్చినది నాయనమ్మ మాట. ఈ తల్లి నాకు తెలిసిన ఉపాయమూ, నాకు తెలియని ఉపాయమూ చేసి చూసినది. ఓడిపోయినది ఆమె కాదు, ఆ దువ్వెన. కానీ మురికి పేరు మాత్రం ఆమె బిడ్డకు వచ్చినది, దానిని పెట్టినవాడిని నేను. ఆ పూటే ఆ అమ్మాయిని మొదటి బెంచీకి తెచ్చి కూర్చోబెట్టి, అన్న మాట తప్పని తరగతి అందరి ముందూ ఒప్పుకున్నాను. అన్న మాట అనకముందుకు పోదని తెలిసీ ఒప్పుకున్నాను.

మంచి దువ్వెనకు కావలసినవి ఏమిటని నన్నడిగితే నాలుగు చెబుతాను: నునుపైన సందు, మురికికి బయటికి పోయే దారి, వేడినీటికి చెడని ఒళ్ళు, పేదవాడు కొనగలిగిన ధర. మొదటి మూడూ కుదిరాయి. నాలుగవది కుదరని ఇంట్లో ఇంకా దారమే దిక్కు.

మీ మీ ప్రాంతాలలో ఈర్పెనను ఏమని పిలిచేవారో, దానిని ఎలా శుభ్రం చేసేవారో తెలిసిన మిత్రులు వ్యాఖ్యలలో తెలియజేయ ప్రార్థన. ఇళ్ళలోని పెద్దవాళ్ళను అడిగి వ్రాస్తే మరీ సంతోషం. ఈ చరిత్ర పుస్తకాలలో కంటె వాళ్ళ చేతివేళ్ళలోనే ఎక్కువగా ఉన్నది.