కరిగిన ఉక్కును మోసిన మట్టి

కోనసముద్రం పేరెత్తితే చాలు, మాటలు అక్కడి ఉక్కుతో చేశారనే డమాస్కస్ కత్తుల మీదికి మళ్లుతాయి. గాలిలో ఎగరేసిన పట్టు రుమాలు కత్తి అంచు మీద పడి రెండు ముక్కలైందన్న కథ ఎవరో ఒకరు చెప్పి తీరతారు. నాకు ఆ రుమాలు మీద ఆసక్తి లేదు. ఉక్కు కర్మాగారంలో లాడిళ్ల, అంటే కరిగిన ఉక్కును మోసే పెద్ద పాత్రల లోపల ఇటుక పేర్పించడం నేను చేసిన ఉద్యోగం. అందరూ కరిగిన లోహాన్ని చూస్తారు, మేం అది దేంట్లో ఉందో చూస్తాం. అందుకే నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊరి దిబ్బల్లో దొరికే, ఉక్కు కరిగించిన మూసల నల్లటి పెంకులే నాకు అసలు చరిత్ర.

స్వచ్ఛమైన ఇనుము 1538 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఒకటిన్నర శాతం కర్బనం చేరితే ఆ వేడి 1400 పైచిలుకుకు దిగుతుంది. మన ఎర్రమట్టి కుండ 1100 దాటాక మెత్తబడి ఒరిగిపోతుంది. మరి ఆ ఊరి కమ్మర్లు రాత్రీ పగలూ తిత్తులు ఊదుతూ ఉక్కు వండింది ఏ పాత్రలో?

జవాబులో సగం హెన్రీ వాయ్సీ రాసిపెట్టాడు. త్రికోణమితి సర్వేలో వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త అయిన ఆయన 1824లో చనిపోయాడు. కోనసముద్రంలో ఆయన చూసింది 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును మూడు పాళ్లు, రెండు పాళ్లుగా కలిపేవారట. సరుకు కోసం ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు అక్కడే మకాం వేసి ఉన్నాడట. నన్ను ఆపేసింది మాత్రం మూస గురించిన వాక్యం: గ్రానైటు కుళ్లి ఏర్పడిన మట్టి, పగిలిన పాత మూసల పొడి, వరి ఊక, నూనె.

పాత పెంకుల పొడి ఎందుకో మా పనివాళ్లలో ఎవరినడిగినా చెబుతారు. ఒకసారి కాలిన మట్టి మళ్లీ కుంచించుకుపోదు, కాబట్టి గోడ పగుళ్లివ్వదు. అగ్ని ఇటుకల్లో ఈనాటికీ అదే చేస్తాం.

ఊక సంగతి వేరు. గాలి తగలకుండా కాలితే అది బొగ్గుగా మిగులుతుంది. కరిగిన గాజుకూ చిట్టానికీ బొగ్గు తడవదు. పైగా ఊకలో సిలికా పుష్కలం. మట్టిలో ఉండే ఐరన్ ఆక్సైడ్ మామూలుగా మాకు శత్రువు, సిలికాతో కలిసి మట్టిని తొందరగా కరిగిస్తుంది. ఇక్కడ బొగ్గు ఆ ఆక్సైడులోని ఆక్సిజన్‌ను లాగేసి దాన్ని చిన్న చిన్న ఇనుప బొట్లుగా మార్చేస్తుంది. వేడికి గోడలో ఏర్పడే గాజులోంచి ఇనుము తప్పుకున్న కొద్దీ గోడ మరింత వేడికి ఆగుతుంది. ఎవరైనా ‘పనికిరాని మట్టి’ అనే ఎర్ర మన్ను పొయ్యిలోనే పనికొచ్చే మట్టి అయింది. బర్క్‌లీలో థెల్మా లో, ఆమె సహచరులు 1990 ప్రాంతంలో ఆ పెంకులను సూక్ష్మదర్శినుల కింద పరీక్షించారు. మట్టి వేడికి మారి పుట్టిన ముల్లైట్ సూదులు గోడంతా అల్లుకుని కనిపించాయి. నారతో బలపరిచిన మిశ్రమ సిరామిక్ అని దానికి పేరు పెట్టారు.

ఇది చదివి నేను నవ్వుకున్నాను. మా లాడిల్ లోపలి మెగ్నీషియా ఇటుకల్లో గ్రాఫైట్ కలపడానికీ కారణం ఇదే, చిట్టం అంటకూడదని. కరిగిన ఉక్కు చల్లారకుండా పైన చల్లేందుకు మా దగ్గరికి బస్తాల్లో వచ్చేది కూడా వరి ఊక బూడిదే.

మైఖేల్ ఫారడే 1819లో ఈ రకం భారతీయ ఉక్కును విశ్లేషించి, దాని గొప్పతనం అల్యూమినియంలో ఉందేమో అనుకున్నాడు. ఆయన పరీక్షించింది ఉక్కు ముద్దను, మూసను కాదు. కోనసముద్రం రహస్యం అంతరించిందనే మాట కూడా నాకు గిట్టదు. రహస్యం దిబ్బల్లో ఉంది, పోయింది గిరాకీ. ముద్ద తీయాలంటే ప్రతిసారీ మూసను పగలగొట్టాలి, అంటే ఒక్క వాయికి ఒక మూస. 1856లో బెస్సెమర్ ప్రకటించిన పద్ధతిలోనేమో అరగంట లోపే టన్నుల ఉక్కు తయారవుతుంది. దానికీ ఒక లోటుండేది: లోపలి సిలికా పూత ఫాస్ఫరస్‌ను వదిలించలేకపోయేది, ఉక్కు పెళుసుగా మిగిలేది. ఆ చిక్కు విడదీసింది లోహశాస్త్ర ఆచార్యుడెవరూ కాదు, సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్ అనే లండన్ పోలీసు కోర్టు గుమాస్తా. 1870ల చివర్లో ఆయన చేసిందల్లా కొలిమి లోపలి పూతను సున్నపు జాతి రాయికి మార్చడమే.