మన కొండ కాఫీ, మన ఇంటి పొయ్యి

ఇంటికి చుట్టం వస్తే మన ఏజెన్సీ ఊళ్ళలో ముందు చెంబుతో నీళ్ళిస్తాం. తర్వాత టీ పెడతాం. ఇంటి వెనక కొండవాలులో కాఫీ మొక్కలు ఎర్రటి పళ్ళతో వంగి ఉంటాయి. అటక మీద పార్చ్‌మెంట్ బస్తాలుంటాయి. పొయ్యి మీద మరిగేది మాత్రం సంతలో కొన్న టీ పొడి. ఎవరైనా కాఫీయే కావాలంటే పిల్లాణ్ణి దుకాణానికి పంపి చిన్న ప్యాకెట్ తెప్పించి వేడి పాలలో కలిపి ఇస్తాం. అన్ని ఇళ్ళూ ఇలాగే ఉన్నాయని కాదు. కాని చాలా ఇళ్ళు ఇలాగే ఉన్నాయని మనందరికీ తెలుసు.

అదే కాఫీ కొండ దిగాక దాని కథ వేరు. 2017లో అరకు పేరుతోనే పారిస్ నగరంలో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 మార్చిలో పార్లమెంటు ప్రాంగణంలో అరకు కాఫీ స్టాళ్ళు పెట్టారు. ఇంత దూరం వెళ్ళిన మన కాఫీ మన వంటింట్లోకి ఎందుకు రాలేదు? ఈ సంచికలో యువతీ యువకులతో ఆ సంగతే మాట్లాడుకుందామనుకున్నాం. ఇందులో కాఫీ చరిత్ర ఉంది, కాఫీ కాచే గిన్నెల చరిత్ర ఉంది, మన చరిత్ర కూడా కొంత ఉంది.

పండించినవాళ్ళే తాగిన చోటు

కాఫీకి పుట్టిల్లు ఆఫ్రికాలోని ఇథియోపియా. అక్కడి కొండల్లో, పెద్ద చెట్ల నీడలో, అడవి మొక్కగానే అరబికా పుట్టింది. అక్కడివాళ్ళు కాఫీని ‘బున్నా’ అంటారు. పండించే రైతు ఇంట్లో బున్నా కాయడం ఈనాటికీ పెద్ద మర్యాద. ఇంటి ఆడబిడ్డ పచ్చి గింజల్ని కడిగి, పెనం మీద వేయిస్తుంది. ఆ పొగను చుట్టాల ముందుకు తెచ్చి వాసన చూపిస్తుంది. తర్వాత రోట్లో దంచి, ‘జెబెనా’ అనే పొడుగు మెడ మట్టికూజాలో నీళ్ళతో మరిగిస్తుంది. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోసి మూడు విడతలు కాస్తారు. ఒక్కో విడతకు ఒక్కో పేరుంది: అబోల్, తోనా, బరకా. ఆ దేశం పండించే కాఫీలో దాదాపు సగం ఆ దేశం వాళ్ళే తాగుతారు.

అక్కడ వాడే సామాన్లు ఒకసారి చూడండి. పెనం, రోలు, రోకలి, మట్టికూజా. వీటిలో మన ఇంట్లో లేనిది ఏది?

ఇథియోపియా నుంచి కాఫీ ఎర్రసముద్రం దాటి యెమెన్ చేరింది. 15వ శతాబ్దంలో అక్కడి సూఫీలు రాత్రి ప్రార్థనల్లో నిద్ర రాకుండా దీన్ని తాగేవారు. మోఖా రేవు నుంచి ఓడల్లో ఇతర దేశాలకు వెళ్ళింది. 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ సాధువు ఏడు గింజలు దాచి తెచ్చి ఇప్పటి కర్ణాటకలోని చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెప్పుకుంటారు. ఆ కొండలకు ఇప్పటికీ ఆయన పేరే ఉంది.

గిన్నెలు ఎలా పుట్టాయి

కాఫీ ఏ దేశానికి వెళ్ళినా అక్కడివాళ్ళు తమ దగ్గర ఉన్నదానితోనే గిన్నె తయారు చేసుకున్నారు. తురుష్కులు పొడుగు పిడి ఉన్న చిన్న రాగి గిన్నెలో, పిండిలా మెత్తగా విసిరిన పొడిని నీళ్ళతో కలిపి మరిగించారు. 1800 ప్రాంతంలో ఫ్రాన్సులో రెండు అరల పాత్ర వచ్చింది. పై అరలో పొడి వేసి వేడినీళ్ళు పోస్తే డికాషన్ బొట్టు బొట్టుగా కింది అరలోకి దిగుతుంది. మన దక్షిణాది ఫిల్టరు పని చేసేదీ ఇలాగే. అడుగున చిల్లులున్న పై గిన్నె, పొడిని అదిమి పెట్టడానికి గొడుగులాంటి బిళ్ళ, డికాషన్ పట్టే కింది గిన్నె. అప్పట్లో ఇత్తడివి, ఇప్పుడు స్టీలువి.

1908లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి ఉండేది. కాఫీలో మడ్డి రావడం చూసి విసిగిపోయి, కొడుకు నోటు పుస్తకంలోని సిరా అద్దుడు కాగితం తీసి, అడుగున చిల్లులు కొట్టిన డబ్బాలో పరిచి వడకట్టింది. ఈ రోజు ప్రపంచమంతా వాడే కాగితపు ఫిల్టరు అలా ఒక వంటింట్లో పుట్టింది. 1933లో ఇటలీలో అల్ఫోన్సో బియాలెట్టి కర్మాగారం నుంచి అల్యూమినియం మోకా కుండ వచ్చింది. కింద నీళ్ళు మరిగితే ఆ ఆవిరి ఒత్తిడికి నీరు పొడిలోంచి పైకి ఎగదన్ని కాఫీ అవుతుంది.

ఈ పేర్లన్నీ బట్టీ పట్టమని చెప్పడం లేదు. వీటిలో ఏ పరికరమూ పెద్ద చదువు వల్ల పుట్టింది కాదని తెలియాలి. రోజూ కాచుకుని తాగేవాళ్ళకే, ఇంకా బాగా ఎలా కాయాలన్న ఆలోచన వస్తుంది. తాగని చోట గిన్నె పుట్టదు.

మన కొండలకు వచ్చిన దారి

మన తూర్పు కనుమలకు కాఫీ బ్రిటిష్ వాళ్ళతో వచ్చింది. 1898 ప్రాంతంలో తూర్పు గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో మొదట నాటారు. తర్వాతి దశాబ్దాల్లో విశాఖ ఏజెన్సీకి చేరింది. అదే కాలంలో అటవీ చట్టాలు మన పోడు మీద, అటవీ ఫలసాయం మీద ఆంక్షలు పెట్టాయి. ఆ కష్టాల్లోంచే 1922–24 మన్యం పోరాటం రగిలింది. మన అడవి మనకు కాకుండా పోతున్న రోజుల్లో వచ్చిన మొక్క ఇది. అందుకే మన తాతలు దాన్ని తమదిగా చూడలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 1960ల నుంచి అటవీ శాఖ రిజర్వు అడవిలో నీడ చెట్ల కింద పెద్ద ఎత్తున తోటలు పెంచింది. వాటిలో మన తాతలు, అవ్వలు కూలీలు. గుంతలు తవ్వారు, పళ్ళు కోశారు, బస్తాలు మోశారు. తర్వాత ఐటీడీఏ, కాఫీ బోర్డు కలిసి పోడు భూముల్లో గిరిజన రైతుల చేతే తోటలు వేయించాయి. నీడకు సిల్వర్ ఓక్, దాని మీదికి మిరియం తీగ, కింద కాఫీ. చింతపల్లి దగ్గర ఆర్.వి.నగర్‌లో కాఫీ పరిశోధన కేంద్రం వచ్చింది. ఇవాళ అల్లూరి సీతారామరాజు జిల్లాలో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ ఉంది. బగత, వాల్మీకి, కొండదొర, కోందు, పోర్జ, గదబ, కోటియ, ఇంకా అన్ని తెగల రైతులూ ఇందులో ఉన్నారు. కూలీ నుంచి రైతు దాకా రావడం చిన్న విషయం కాదు. దానికి మన పెద్దలకు జోహార్లు.

ఈ చరిత్రలో ఒక్కటి గమనించండి. కాఫీ మన దగ్గరికి మొదట కూలి పనిగా, తర్వాత పథకంగా, ఆ తర్వాత అమ్ముకునే పంటగా వచ్చింది. పానీయంగా ఎప్పుడూ రాలేదు. మనకు మొక్కలిచ్చారు, నీడ చెట్లిచ్చారు, బేబీ పల్పర్లిచ్చారు. కాచుకునే గిన్నె మాత్రం ఎవరూ ఇచ్చినట్టు మన పెద్దలకు జ్ఞాపకం లేదు.

దేశంలో కాఫీ అమ్మకాల చట్టం కూడా ఒకప్పుడు కఠినంగా ఉండేది. 1940ల నుంచి తోటల వాళ్ళు పండించిన కాఫీని కాఫీ బోర్డు ఉమ్మడి నిల్వకు అప్పగించాలి. ఈ పద్ధతి 1990లలో సడలుతూ 1996లో పూర్తిగా పోయింది. అంత కఠినమైన చట్టం కూడా రైతు తన ఇంటి వాడకానికి, విత్తనానికి కొంత ఉంచుకోవచ్చనే చెప్పింది. ఇప్పుడు ఆ చట్టపు అడ్డు కూడా లేదు. ఇంటికి ఉంచుకునే అలవాటు ఒక్కటే మనకు లేదు.

తెలియకపోతే ఏం పోయింది?

మాలో ఒకరి తండ్రి ఒక ఏడాది సంతకు పార్చ్‌మెంట్ తీసుకెళ్ళాడు. కొనేవాడు గుప్పెడు గింజలు తీసి వాసన చూసి, "సరుకు పులిసింది, ఈ ధరకు రాదు" అన్నాడు. నిజంగా పులిసిందా, ధర తగ్గించడానికే అన్నాడా? ఆ తండ్రికి తెలియదు. ముప్ఫై ఏళ్ళుగా కాఫీ పండిస్తున్నా తన కాఫీ రుచి ఆయన ఎరగడు. చెప్పిన ధరకే ఇచ్చి ఇంటికొచ్చాడు. ఆ రోజు నష్టం ఎంతో లెక్క కట్టలేం. ఎదురు మాట అనలేకపోవడమే పెద్ద నష్టం.

చోళ్ళ విషయంలో అలా ఎవరైనా మనల్ని మోసం చేయగలరా? పిండి చేత్తో పట్టుకోగానే పాతదో కొత్తదో మన అవ్వ చెబుతుంది. జీలుగు కల్లు నాలిక మీద పడితే ఏ పూట దించిందో తాత చెబుతాడు. ఎందుకంటే అవి మనం తినేవి, తాగేవి. కాఫీలో కూడా ఆ నాలిక మనకు రావాలి.

కాఫీ తప్పులన్నీ కప్పులో తెలుస్తాయి. పచ్చికాయలు కలిపి కోస్తే వగరు వస్తుంది. పల్పింగ్ చేశాక నానబెట్టడం ఎక్కువైతే పులుపు, కుళ్ళు వాసన. నేల మీద ఆరబోస్తే మట్టి వాసన. సరిగా ఆరకుండా బస్తా కడితే బూజు వాసన. పొయ్యి పక్కన పెడితే పొగ వాసన. పండు పండుగానే కోసి, శుభ్రంగా కడిగి, పట్టల మీద లేదా ఎత్తైన తడికల మీద ఆరబెట్టిన గింజకు ఇవేవీ ఉండవు. వాసన కమ్మగా ఉంటుంది, తాగాక నోట్లో తియ్యదనం నిలుస్తుంది.

ఇంట్లో ఎలా కాయాలి

మన సామాన్లతోనే మొదలుపెట్టవచ్చు. రెండు గుప్పెళ్ళ పార్చ్‌మెంట్ తీసుకుని రోట్లో మెల్లగా దంచండి. గింజ చితకకుండా పైపొట్టు ఊడాలి. చేటతో చెరగండి. నల్లవి, విరిగినవి ఏరెయ్యండి. మంగలంలో గాని ఇనుప మూకుట్లో గాని మధ్యస్థ మంట మీద ఆపకుండా కలుపుతూ వేయించండి. పేలాలు వేయించిన చేతికి ఇది కొత్త పని కాదు. గింజ ముందు పసుపు రంగుకు, తర్వాత గోధుమ రంగుకు తిరుగుతుంది. కొంతసేపటికి చిటపటమని పగిలే చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు తగ్గాక ఇంకాస్త ఉంచి దించండి. నల్లగా మాడనివ్వవద్దు, మాడితే మంచి గింజా చెడ్డ గింజా ఒకటే రుచి. వెంటనే చేటలో పోసి విసరుతూ చల్లార్చండి. ఒక రోజు ఆగి, ఆ పూటకు కావలసినంత మాత్రమే రోట్లో గాని మిక్సీలో గాని పొడి చెయ్యండి.

కాయడానికి సులువైన దారి ఇది. గ్లాసు నీళ్ళకు, అంటే 150 మి.లీ.కు, 8 నుంచి 10 గ్రాముల పొడి. పొడి బొంబాయి రవ్వలా ఉండాలి. నీళ్ళు మరిగాక దించి అర నిమిషం ఆగి పొడి మీద పోసి మూత పెట్టండి. 4 నిమిషాలయ్యాక కలిపి, మడ్డి అడుగుకు దిగాక పల్చటి గుడ్డలో వడకట్టండి.

ఫిల్టరు ఉంటే పై గిన్నెలో మూడు నాలుగు చెంచాల పొడి వేసి, బిళ్ళతో కొద్దిగా అదిమి, వేడినీళ్ళు పోసి మూత పెట్టి 20 నిమిషాలు ఆగండి. పొడి మరీ మెత్తగా ఉంటే డికాషన్ దిగదు, మరీ బరకగా ఉంటే నీళ్ళలా జారిపోతుంది. దిగిన డికాషన్‌లో వేడి పాలు కలుపుకోవచ్చు. కొనే పొడుల్లో చాలావాటిలో చికోరీ వేరు పొడి కలుస్తుంది. దానివల్ల రంగు, చిక్కదనం వస్తాయి. తప్పేమీ లేదు గాని మన గింజ రుచి తెలియాలంటే చికోరీ లేకుండా, మొదటి రెండు గుక్కలు పాలు, చక్కెర లేకుండా తాగి చూడండి.

కాఫీకి నాణ్యత కట్టే నిపుణులు చేసేదీ దాదాపు ఇదే. ఒక గ్లాసు, ఒక చెంచా, వేడినీళ్ళు. పొడి మీద నీళ్ళు పోసి, 4 నిమిషాలకు పైన కట్టిన తెట్టును చెంచాతో విడదీసి వాసన చూస్తారు, చల్లారాక జుర్రి రుచి చూస్తారు. మీరూ రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టండి. ఒకదానిలో పండ్లు ఏరి కోసిన గింజ, ఇంకోదానిలో కలగలుపుగా కోసింది. ఒక్కసారి ఆ తేడా నాలికకు తెలిస్తే మళ్ళీ పచ్చికాయ మీదకు చెయ్యి పోదు.

ఈ కోత నుంచి

చోడి అంబలి మానెయ్యమనడం లేదు, టీ తాగొద్దనీ అనడం లేదు. నవంబరులో కోత మొదలవుతుంది. ఈసారి అమ్మే బస్తా కట్టే ముందు ఇంటికి రెండు కిలోలు పక్కన పెట్టండి. కొత్త పంటను ఇంటివాళ్ళు రుచి చూడకుండా బయటికి పంపడం మన ఆచారం కాదు. కొర్ర కొత్తకు, చిక్కుడు కొత్తకు మనం చేసేది అదే కదా. కాఫీకి మాత్రం ఆ కొత్త ఎందుకు ఉండకూడదు?

మొదటి గ్లాసు చెట్టు నాటిన అవ్వకో తాతకో ఇవ్వండి. "ఎలా ఉందే అవ్వా?" అని అడగండి. ఇన్నేళ్ళకు ఆ మాట ఆమెను అడిగేది మీరే కావచ్చు. ఆమె చెప్పింది గుర్తు పెట్టుకోండి. రేపు సంతలో ఎవరైనా మీ సరుకు బాగా లేదంటే, ఒక గ్లాసు కాచి ముందు పెట్టి మాట్లాడగలగాలి. అలా మాట్లాడేవాళ్ళు మన ఊళ్ళలో పదిమంది తయారైతే ఈ వ్యాసం రాసినందుకు మాకు తృప్తి.

జోహార్.