పాలపళ్ళు చెప్పిన సాక్ష్యం

పిల్లల పాలపన్ను ఊడితే ఇంటికప్పు మీదికి విసిరేయడం మన ఇళ్ళలో వాడుక. అలాంటి పళ్ళనే పోగుచేసి, అమెరికాలో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే పిల్లల వైద్యుడు ఒక పెద్ద తగవులో సాక్ష్యంగా నిలబెట్టాడు.

ఆ తగవు సీసం గురించి. 1920వ దశకం నుంచి పెట్రోలులో సీసం కలిపేవారు. గోడలకు వేసే రంగుల్లోనూ అది ఉండేది. సీసం విషమని అందరికీ తెలుసు. కానీ మూర్ఛ, కడుపునొప్పి వంటివి కనిపిస్తే తప్ప భయం లేదని ఆనాటి నమ్మకం. 1960వ దశకంలో పిల్లల రక్తంలో డెసిలీటరుకు 60 మైక్రోగ్రాములు దాటితేనే ప్రమాదమనేవారు.

రక్తపరీక్షతో ఒక చిక్కుంది. రక్తంలోని సీసం కొన్ని నెలల్లో చాలావరకు తగ్గిపోతుంది; పాత సంగతి చెప్పదు. కాల్షియంలాగే సీసమూ ఎముకల్లో, పళ్ళలో చేరి అక్కడే ఉండిపోతుంది. అందుకే నీడిల్‌మన్ బోస్టన్ పక్కనున్న చెల్సీ, సోమర్‌విల్ ఊళ్ళలో రెండువేల మందికి పైగా చిన్న తరగతుల పిల్లల పాలపళ్ళు సేకరించి సీసం కొలిచాడు. 1979లో ఫలితం ప్రకటించాడు. ఏ జబ్బూ కనిపించని పిల్లలే అయినా, పళ్ళలో సీసం ఎక్కువున్నవారు తెలివితేటల పరీక్షల్లో, క్లాసులో నిలకడలో వెనుకబడ్డారు.

1991లో ఆయనపైనే అక్రమ పరిశోధన ఆరోపణ వచ్చింది. 1994లో ఆయన నిర్దోషిగా తేలారు. ప్రమాద హద్దు 1991లో 10కి, 2021లో 3.5 మైక్రోగ్రాములకు దిగింది. మన దేశంలో 2000 సంవత్సరంలో సీసం కలిపిన పెట్రోలు ఆగింది. అన్ని దేశాలకన్నా చివరగా 2021లో అల్జీరియా మానింది.

ఇందులో మన వయసువారికీ సంబంధం ఉంది. పెద్దల ఒంట్లోని సీసంలో 90 శాతానికి పైగా ఎముకల్లోనే దశాబ్దాల తరబడి నిలవ ఉంటుంది. ముసలితనంలో ఎముకలు బలహీనపడేకొద్దీ అది మళ్ళీ రక్తంలోకి వస్తుంది. బోస్టన్‌లో మాజీ సైనికుల ఎముకల్లోని సీసాన్ని, సూదిగుచ్చే పని లేకుండా, ఎక్స్‌రే పద్ధతిలో కొలిచారు. సీసం ఎక్కువున్నవారిలో రక్తపోటు ఎక్కువగా కనిపించిందని 1996లో తెలిపారు.

ఎముకల్లో చేరినదాన్ని మనం వెనక్కి తీయలేం. మనవల ఒంట్లో చేరకుండా మాత్రం చూడగలం. పాత ఇంటి రంగు గీకించేటప్పుడు పొడిగా గీకనివ్వకండి, తడిపి గీకించండి. ఆ దుమ్ము తడిగుడ్డతో తుడిచేదాకా పసిపిల్లలను ఆ గదిలోకి రానివ్వకండి.